అన్నకు బదులు

మోర్స్‌బీ నగరపు చెత్తదిబ్బ మీద కౌపా లారీని వెనక్కి పెడుతుండగా, అక్కడ సీసాలేరుకునే ఆవిడ పొడుగాటి కత్తి పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చింది.

"దిగకు. ఇంజను ఆపకు."

"ఏమైందక్కా?"

"నిన్న కొండమీద మీ అన్న నా మొగుణ్ణి నరికేశాడు."

"ఒట్టక్కా, నాకు తెలీదు."

"నీకు తెలుసో లేదో ఎవడికి కావాలి? దిబ్బ వెనక మా మరుదులు కాచుకునున్నారు. చెత్త దించడానికి దిగావో, నరికేస్తారు. మీ అన్నకు బదులు నువ్వు."

"మరి నాకెందుకు చెబుతున్నావు?"

"నా కూతురు నొప్పులు పడుతుంటే ఈ చెత్తలారీలోనే ఆస్పత్రికి చేర్చావు. పో ఇక."

కౌపా గేరు వేశాడు.

"ఆగు. ఒంటిమీద గాటు లేకుండా పోయావంటే, చెప్పింది నేనేనని వాళ్లకు తెలిసిపోతుంది. నన్ను బతకనివ్వరు."

కౌపా ఆమె మొహంలోకి చూశాడు. చొక్కా చేతిని పైకి మడిచి, చెయ్యి కిటికీ బయటికి చాపాడు.

"ఎముకకు తగలనివ్వకక్కా. స్టీరింగు తిప్పాలి."

"ఆ మాటివ్వలేను. సగం దెబ్బ నీ ప్రాణం కోసం, సగం నా మొగుడి కోసం," అంటూనే ఆమె బలంకొద్దీ కొట్టింది.