మూడో నంబర్ పుల్ల

సంతోష్‌నగర్‌లో ఇల్లు. షెడ్డుల్లో పూలు పెంచే రైతుల సంఘం ఆ పూటే చామంతి పరీక్ష ఫలితం చెప్పింది. ఈశ్వరయ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. భార్య లలితమ్మ అప్పుడే ఫోన్ పెట్టేసింది.

“సంఘం భాగ్యశ్రీనే గదా? ఏమన్నది?”

“ఏం లేదు. మంచిగున్నరా అన్నది.”

“గది అడగనీకి గంతసేపా! రామ్‌చందర్ గెలిచిండు గదా? చెప్పు, నాకేం ఫికర్ లేదు.”

“ఫికర్ లేనోడివి చాయ్ ఎందుకు ముడ్తలేవు? సల్లారింది.”

“వాని షెడ్డులనే పరీక్ష వెట్టిరి. సైంటిస్టులు వాని ఇంట్లనే అన్నం తినిరి. నా షెడ్డు కనవడలేదా?”

“పోయిన యాడాది ఆళ్లను గేటు కాడికెళ్లే ఎల్లగొడితివి. పురుగులు లెక్కవెడ్తం అంటే, నా పూలల్ల పురుగేంది అని లొల్లి జేస్తివి.”

“అది వేరే ముచ్చట.”

“అదే ముచ్చట, బబ్లూ బాపూ.”

“మూడో నంబర్ మడి జూసినవా నువ్వు? మందు కొట్టలే, ఏం కొట్టలే, ఒక్క ఆకు ముడుసుకోలే. ఐదోది మొత్తం మాడింది. గంత మంచిది వానిది గాక ఇంకెవలది? కడుపు మండింది నాకు.”

“ఒక్కో రైతు మొక్కకు ఒక్కో మడి, మడికి నంబరే ఉంటది. పేర్లు కవర్ల వెట్టి సీలేసిరి. నీకెట్ల ఎరుక?”

“ఎరుకే. దాని పక్కన నిలవడి నవ్విండు.”

“నువ్వు గా మడి కాడికి ఎందుకు పోయినవ్?”

“మీటింగ్ ఉండె.”

“ఏం జేసినవ్?”

“ఏం జెయ్యలే.”

“నా మీద ఒట్టు.”

“...పుల్లలు మార్చిన. బేగంబజార్ల కొన్న ఐస్‌క్రీం పుల్లలే గదా నంబర్లు! అందరు చాయ్ తాగుతుంటే మూడు పీకి ఐదుల గుచ్చిన, ఐదు పీకి మూడుల.”

“పూలు విచ్చినయా అప్పటికి?”

“లే. పచ్చ మొగ్గలే. ఎందుకేడుస్తున్నవ్? వాని కోసమా?”

“పూస్తే గుర్తువడుదువు. మూడేండ్ల కింద తెల్లచామంతిల ఒక్క కొమ్మకు రాగిరంగు పువ్వు వచ్చె. బిడ్డ లెక్క సాకితివి. నీ లొల్లికి భయపడి, దాని అంట్లు నేనే చాటుకు సంఘానికిచ్చిన. నీ పేరు మీదనే. మూడో నంబర్ నీదే.”

“నాదా?”

“నీదే.”

“గెలిచిందేది?”

“ఐదో పుల్లున్న మడి. రాగిరంగు పూలు.”

“అంటే నా మొక్కే! ఊరూరికి పంపుతరు దాన్ని, రైతు పేరు మీద... ఐదో నంబర్ కవర్ల ఎవల పేరుండె?”

“రామ్‌చందరన్న పేరు.”

“తీస్కున్నడా? నా పువ్వును తీస్కున్నడా వాడు?”

“తీస్కోలే. ‘ఇది నా పువ్వు గాదు, ఎవలో పుల్లలు మార్చిండ్రు. మార్చినోడు వచ్చి ఒప్పుకునేదాంక దీనికి ఎవల పేరు వెట్టద్దు’ అని అందరి ముంగట అన్నడంట.”