దెబ్బల్లేని ఒళ్ళు

సరస్సు ఒడ్డున ఆవిరిగదిలో తల్లి కాలిన రాళ్ళ మీద నీళ్ళు చల్లింది. ఫిన్లాండ్ ఆడవాళ్ళ ఐస్ హాకీ జట్టుకు పదహారేళ్ళుగా గోల్‌కీపర్‌గా ఆడుతున్న కూతురు, శిక్షణ శిబిరం నుంచి ఆ మధ్యాహ్నమే ఇల్లు చేరింది.

“శిబిరం ఎలా జరిగిందే?”

“బాగానే జరిగిందమ్మా.”

“ఏదీ, ఇటు చూడు. ఒంటి మీద ఒక్క దెబ్బా లేదే?”

“కొత్త ప్యాడ్లు. మందంగా ఉన్నాయి.”

“పోయినసారీ కొత్తవే అన్నావు. భుజమంతా బ్లూబెర్రీ రంగుకి తిరిగింది.”

కూతురు మొహం మీది చెమట తుడుచుకుంది. రాళ్ళు చిటపటలాడాయి.

“నీ బదులు ఎవర్ని నిలబెట్టారు?”

“వెన్లా అని, పంతొమ్మిదేళ్ళ పిల్ల.”

“ఆడగలదా?”

“నాకంటే బాగా ఆడుతుంది. అందుకే కోచ్ మీద కోపం కూడా రావట్లేదు.”

“మళ్ళీ పిలవరా?”

“పిలవరమ్మా.”

ఆవిరిస్నానంలో ఒంటిని తట్టుకోడానికి తొట్టిలో నానబెట్టిన బిర్చి చెట్టు రెమ్మల కట్టను తల్లి తీసి నీళ్ళు దులిపింది.

“వీపు ఇటు తిప్పు. ఇన్నేళ్ళూ ఆ దెబ్బల మీద రెమ్మ వేయాలంటే నాకు చెయ్యి రాలేదు.”

కూతురు తిరిగి కూర్చుంది. ఆకులు తాకీ తాకనట్టు తల్లి మెల్లగా తట్టింది.

“గట్టిగా కొట్టమ్మా. కాస్త కందనీ.”