బక్రీదుకల్లా జుట్టు

ఇస్తాంబుల్‌లో జుట్టు నాటే ఒక ఆసుపత్రి, మధ్యాహ్న భోజనాల వేళ. రోగుల కుర్చీ ఎక్కి కూర్చున్న పెద్దమనిషి రెమ్జీ, విదేశీ రోగుల్ని ఎయిర్‌పోర్టు నుంచి వ్యానులో తెచ్చి దింపే డ్రైవరు. ఆయన తల పట్టుకుని నిలబడ్డవాడు కొడుకు తైలాన్, అక్కడే కుదుళ్లు నాటే పనివాడు.

"అందుకే, పట్టీ కోతే చెయ్యి. అదే నయమట."

"ఎవడు చెప్పాడు నాన్నా?"

"నిన్న తెచ్చిన హాలండువాడు. తల వెనకాల చెవి నుంచి చెవి దాకా తోలు పట్టీలాగా కోసి, అక్కడ కుట్టేసి, ఆ పట్టీలోంచి కుదుళ్లు విడదీసి ముందు నాటుతారట. ఒక్క కోతకే బోలెడు వస్తాయట."

"మొన్న ఒక్కొక్కటిగా తీసేదే నయమన్నావు."

"అది మొన్నటి ఇటలీవాడు."

"అంతకుముందు కలం అన్నావు."

"కలంలాంటి దాంతో పొడిచి నాటితే ఒత్తుగా వస్తుందన్నాడు మరి, ఆ పొట్టివాడు..."

"పదకొండేళ్లుగా ఇదే పని నాది! నీ వ్యానెక్కిన ప్రతివాడూ నాకు పాఠం చెప్పేవాడేనా?"

"నువ్వు చెప్పవు. అందుకే వాళ్లనడుగుతాను."

"నెత్తీ నోరూ బాదుకుని చెప్పాను కదా! సరే, ఆఖరిసారి విను. పట్టీ కోస్తే వెనకాల గీతలాగా మచ్చ పడుతుంది, రెండు వారాలు కుట్లతో ఉండాలి. నీ తోలు చూడు, బిగుసుకుపోయి నా వేళ్లకే దొరకట్లేదు. ఒక్కొక్కటిగా తీయాలంటే తలంతా గొరగాలి, పూటంతా బోర్లా పడుకోవాలి. నీ నడుం గంటసేపు ఓర్చుకోదు. ఇక కలమంటావా, అది నాటే పద్ధతేగానీ తీసే పద్ధతి కాదు. మూడింటికీ వెనక జుట్టే ఆధారం. నీ వెనకాల ఉన్నది చారెడు."

"ఆ చారెడూ ముందుకు తెచ్చి పెట్టు. వెనక ఎవరు చూస్తారు?"

"ముందు మాత్రం ఎవరు చూడాలని?"

"అదంతా నీకెందుకు? మూడింట్లో ఏది తొందరగా వస్తుందో అది చెప్పు చాలు. బక్రీదుకి ఇంకా ఐదు వారాలుంది."

"పండక్కి కుట్టించుకునే చొక్కా అనుకుంటున్నావా?"

"ఫొటో కూడా తెచ్చాను. ఇదిగో. సరిగ్గా ఇలాగే ఉండాలి. ఈ ముందు గీత, ఇటుపక్క ఈ సుడి..."

"ఇది మీ పెళ్లి ఫొటో!"

"అయితే?"

"పాతికేళ్లవాడి గీత అరవైమూడేళ్ల మొహం మీద గీస్తే పిల్లలు వెంటపడతారు. అబ్బో, ఏం జుట్టు నాన్నా! అచ్చం నా తలే."

"అచ్చం నీ తలే. ఇంకేం, అద్దంలో చూసుకుని నాటెయ్."

"నాన్నా, నా తల ప్రాణం తోకకొస్తోంది. రెండింటికి లోపల రోగి ఉన్నాడు. దిగు."

"దిగను. వాళ్లకి మూడు రోజుల్లో తెప్పిస్తావు, నాకు మాత్రం వంకలు చెప్తావు."

"ఏం తెప్పించాను?"

"జుట్టు! నా కళ్లతో చూస్తున్నాను కదరా. బోడిగా దిగినవాడు నాలుగో రోజుకి నెత్తినిండా పొడుచుకొచ్చిన జుట్టుతో విమానమెక్కుతున్నాడు. వాణ్ణి దింపేది నేనేగా?"

"అది రాలిపోతుంది."

"ఆఁ?"

"నాటిన వెంట్రుకలు మూడు నాలుగు వారాల్లో దాదాపు అన్నీ రాలిపోతాయి. కుదురు మాత్రం లోపల ఉంటుంది. నాలుగో నెలకి మొలక. తల తలలాగా కనపడాలంటే ఏడాది. నువ్వు వాళ్లని విమానం ఎక్కించేదాకే చూస్తావు. ఇంటికెళ్లాక అద్దం ముందు ఏడ్చే మొహాలు నీకు కనపడవు."

"ఏడాదా?"

"ఏడాది."

"పట్టీ కోస్తే?"

"ఏడాదే."

"కలంతో?"

"ఏడాదే నాన్నా!"

"నువ్వు స్వయంగా నాటితే?"

"నేను నాటినా, మా పెద్ద డాక్టరు నాటినా అంతే. టీ చల్లారిపోతోంది, తాగు."

"ఏడాది ఆగలేను."

"ఎందుకు ఆగలేవు? అసలేంటి నీ తొందర? అమ్మకి మతిమరుపు ముదిరి ఇంట్లో ఆ స్థితిలో ఉంటే, నువ్వు పెళ్లిఫొటో పట్టుకుని జుట్టు జుట్టు అని తిరుగుతున్నావు. వాడలో వాళ్లు ఏమనుకుంటారు? ఎవరన్నా ఉన్నారా ఏం?"

"ఒరేయ్!"

"అడగనా మరి?"

"నోటికొచ్చినట్టు వాగకు. మీ అమ్మ కోసమేరా ఇదంతా."

"అమ్మ రోగానికీ నీ జుట్టుకీ ఏంటి సంబంధం? బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టు..."

"మీ అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వట్లేదు."

"రానివ్వకపోవడమేంటి?"

"మంగళవారం గొళ్లెం పెట్టేసుకుంది. కిటికీలోంచి ఒకటే కేకలు. ఎవడో బట్టతల ముసలాడొచ్చాడు, మా ఆయన ఇంట్లో లేడు, ఎవరన్నా రండి అని. ఎదురింటి సేహెర్ వచ్చి బతిమాలి తీయించింది. నా తలుపు ముందు నేను దొంగలాగా నిలబడ్డాను."

"గొంతు కూడా గుర్తుపట్టదా?"

"అదే కదా నా ఖర్మ. తలుపవతల నుంచి పిలిస్తే గుర్తుపడుతుంది. వచ్చావా రెమ్జీ అని నవ్వుకుంటూ వచ్చి తీస్తుంది. తీశాక నన్ను చూస్తుంది."

"అయ్యో నాన్నా... విగ్గన్నా పెట్టుకోకపోయావా?"

"పెట్టుకున్నాను. చచ్చినవాళ్ల జుట్టు నెత్తిన పెట్టుకున్నావేంటి పెద్దాయనా, పాపం కాదూ, అంది. పెద్దాయన అంది రా నన్ను! పప్పు సూపు నోటికందిస్తే చెయ్యి తోసేస్తుంది. పరాయి మగాడి చేత్తో తినదట. పండగనాడు నమాజు చేసుకుని వస్తే ముప్పైఎనిమిదేళ్లుగా తనే తలుపు తీసి ముబారక్ చెప్పేది. ఈసారి ఆ గుమ్మంలో, చుట్టాలందరి ముందూ..."

"ఆదివారాలు నేనొచ్చినప్పుడు బాగానే ఉంటుందే! కడుపునిండా తింటుంది."

"నువ్వొచ్చావు కాబట్టి తింటుంది. నిన్నేమని పిలుస్తుంది?"

"ఏదో... పేర్లు తడబడుతుంది."

"ఏ పేరు?"

"రెమ్జీ అంటుంది. సరదాకి అనుకున్నాను నాన్నా."

"నీ జుట్టులో వేళ్లు పెట్టి దువ్వుతుంది. నేను ఎదురుగా కూర్చుని చూస్తుంటాను. అసూయ కూడా పడ్డానురా, కొడుకు మీద. సిగ్గులేని ముసలాణ్ణి."

"మరి ముందే చెప్పొచ్చుగా! మూడు నెలలుగా పట్టీ, కలం అంటూ నా ప్రాణం తీసే బదులు ఆ ఒక్క ముక్క చెప్తే..."

"ఏమని చెప్పమంటావు? మీ అమ్మ దృష్టిలో మొగుడివి నువ్వేనని చెప్పనా?"

"ఉండు. ఆ కత్తెర మిషను ఇలా ఇయ్యి. ఇప్పుడే గుండు గీసేసుకుంటాను. పీడా పోతుంది."

"నోర్ముయ్! పెట్టు దాన్ని కింద. ఉన్న ఒక్క రెమ్జీ కూడా పోతే అది ఎవరి చేత్తో తింటుంది?"

"నన్నేం చెయ్యమంటావు మరి? ఏడాది కంటే ముందు నీ తలకి జుట్టు తెప్పించడం నా వల్ల కాదు. ఎవడి వల్లా కాదు!"

"అర్థమైందిలే. జుట్టు వద్దు. రోజూ పొద్దున్నే పనికి వచ్చేముందు ఓసారి ఇంటికి రా. నాలుగు చెంచాలు తినిపించు. నీ పేరు మాత్రం చెప్పకు."

"వస్తాను. రేపటి నుంచే వస్తాను."

"ఇంకోటి. మొన్న ఆదివారం నన్ను చూపించి నీ చెవిలో ఏదో అంది కదా. ఏమంది?"

"ఏం లేదులే."

"చెప్పరా."

"ఆ ముసలాయన్ని ఎప్పుడు పంపించేస్తావు అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"నవ్వి ఊరుకున్నాను."

"ఈసారి నవ్వకు, అమ్మా అనకు. నెబాహత్, ఆయనకి ఎవరూ లేరు, మంచివాడే, ఓ మూల పడుంటాడు ఉండనీ, అని చెప్పు. రెమ్జీ మాట అది ఏనాడూ కాదనలేదు."