పన్నెండో వరుస

సభాధ్యక్షులు ధనుంజయరావు మాస్టారికి, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అమ్మలకు, అయ్యలకు, ఈ సాయంత్రం మనం గౌరవించుకుంటున్న ఏలియా తాతకు నమస్కారం.

నా పేరు రుచిత. మన ఊరి గ్రంథాలయంలో సహాయకురాలిని. మైకు ముందు నిలబడటం ఇది రెండోసారి. మొదటిసారి కాన్వెంటులో ప్రార్థన చదువుతూ మధ్యలో ఏడ్చేశానని మా సిస్టర్ ఇప్పటికీ అందరికీ చెబుతుంటారు. (నవ్వులు) అందుకే కాయితం మీద రాసుకొచ్చాను. మాస్టారు మూడు నిమిషాలన్నారు. కాస్త ఎక్కువైతే మన్నించాలి.

ఏలియా తాత నలభై రెండేళ్ళుగా నాపరాయి మీద అక్షరాలు చెక్కుతున్నారు. సమాధుల మీద పేర్లు, బడుల శంకుస్థాపన ఫలకాలు, చలివేంద్రం మీది దాతల పేర్లు అన్నీ ఆయన చేతివే. ప్రభుత్వం మారినప్పుడల్లా పాత ఫలకాలు పగిలి కొత్తవి వస్తాయి కాబట్టి, "మాచర్లలో నాకు పనికి కరువేందమ్మా" అని ఆయనే నవ్వేవారు. (నవ్వులు) ఇప్పుడు ఆ రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. ఇక ఉలి పట్టొద్దన్నారు డాక్టరు. కొండదారి పక్కన పోయిన ఆదివారం నిలబెట్టిన రాయే ఆయన ఆఖరి పని.

ఆ రాయి గురించే నేను మాట్లాడాలి.

నూరేళ్ళ కిందట ఆ దారి వేయడానికి జైలు నుంచి ఖైదీలను తెచ్చి, కాళ్ళకు సంకెళ్ళతోనే రాళ్ళు కొట్టించారు. ఒక్క వేసవిలో పంతొమ్మిది మంది చనిపోయారు. దారి పక్కనే పూడ్చేశారు. ఆ మరణాల రిజిస్టరు మా గ్రంథాలయం అటక మీద పాత కట్టల్లో దొరికింది. మాస్టారు కమిటీ వేశారు. పేరు, వయసు చెక్కించి ఒక రాయి నిలబెడదామనుకున్నాం.

జాబితా రాసి తాతకు ఇచ్చింది నేను. అందులో మూడు గడులున్నాయి. పేరు, వయసు, నేరం. మూడోది నా కోసం రాసుకున్నాను. అది చెక్కొద్దని చెప్పడం మరిచిపోయాను. తాత మూడూ చెక్కేశారు.

ఆదివారం గుడ్డ తొలగించగానే మాస్టారి ముఖం మాడిపోయింది. "తాతా, నేరాలు ఎందుకు చెక్కారు?" అని అడిగాను.

"కాయితంలో ఉంది గదమ్మా. ఒకసారి ఎవరో నాయకుడి పేరులో తప్పుందని దిద్దితే, నా ముందే రాయి పగలగొట్టించాడు. అప్పట్నుంచి చుక్క కూడా మార్చను. ఏది ఉంచాలో ఏది తీయాలో చెప్పటానికి నేనేంది, జడ్జీనా?"

తప్పు నాది. ఆ రోజే అందరి ముందూ చెప్పాల్సింది. ఇవాళ చెబుతున్నాను.

అయితే జనం ఎక్కువసేపు నిలబడింది ఆ మూడో గడి దగ్గరే. అడవిలో కట్టెలు కొట్టినందుకు. పుల్లరి పన్ను కట్టకుండా గొడ్లను మేపినందుకు. మళ్ళీ పుల్లరి. సంతలో జొన్నలు దొంగిలించినందుకు. ఒక పెద్దాయన ఒక్కొక్క వరుస మీదా వేలు పెట్టి చదువుతూ, "మేపితే సంకెళ్ళా?" అన్నారు.

పద్దెనిమిది మందివి ఇలాంటివే. పన్నెండో పేరుకు ఎదురుగా మాత్రం "మనిషిని చంపినందుకు" అని ఉంది.

హంతకుడికి దండ వేశారన్న మాట వస్తుందనీ, ఇంటిపేరును బట్టి చూస్తే ఆయన ఇంటివాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు కనుక వాళ్ళ పరువు పోతుందనీ, ఆ ఒక్క వరుస అరగదీయించాలనీ కమిటీ అనుకుంది. మాస్టారి ఉద్దేశం మంచిదే. తాతను అడిగితే, "ఆయన కూడా ఆ ఎండలోనే గదా చచ్చింది, నేను రాను" అన్నారు. రేపు పొద్దున పిడుగురాళ్ళ నుంచి ప్రవీణ్ కుమార్ రాయి అరగదీసే మిషన్ తీసుకొని వస్తున్నాడు.

ఆ ఇంటివాళ్ళను మాత్రం ఎవరూ అడగలేదు. నేను వెళ్ళి అడిగాను. రాజేశ్వరి అక్క మీకందరికీ తెలుసు, బస్టాండు దగ్గర టైలరింగ్ షాపు. ఆ పన్నెండో పేరాయన ఆమెకు ముత్తాత. అక్క మూడో బెంచీలో కూర్చున్నారు. ఆమె చెప్పమంటేనే చెబుతున్నాను.

నేను వెళ్ళేసరికి జాకెట్టుకు హుక్కులు కుడుతున్నారు. "ఏమే, గడపలో నిలబడ్డావు, కూర్చో" అన్నారు. విషయం చెప్పాను. దారం తెంపి సూది పక్కన పెట్టారు.

"మా ఇంట్లో ఆయన కాశీకి పోయాడని చెప్పేవాళ్ళు. మా తాత అప్పుడు పాలు తాగే బిడ్డ. నాయన నన్ను వద్దనుకొని పోయాడని చచ్చిందాకా అనుకున్నాడు. ఆ పేరెత్తితే అన్నం ముందు నుంచి లేచిపొయ్యేవాడు."

"రేపు ఆ వరుస తీసేస్తారక్కా."

"ఎందుకు తీయటం? చంపితే చంపాడు, ఆ చచ్చినాయన ఇంటి ఉసురు మాకు తగిలితే తగలనీ, కాదనను. కానీ వదిలేసి పోలేదుగా. ఆయన్ని రానియ్యలా. ఆ సంగతి మా తాతకి ఎవరూ చెప్పలా. పేరూ ఉంచమను, చేసిందీ ఉంచమను. దాచే గదా ఇంత చేశారు."

అక్క ముత్తాత చంపిన మనిషి పేరు రిజిస్టరులో లేదు. ఉంటే ఆ మనిషినీ తలుచుకునేవాళ్ళం. ఆయనకు పడిన శిక్ష పదేళ్ళ జైలు. నాలుగో నెలలోనే, ఎండదెబ్బ తగిలి రాళ్ళ మధ్య పడిపోయాడు. అలా చావాలని ఏ కోర్టూ చెప్పలేదు.

మాస్టారూ, మీ మాటకు ఎదురు చెప్పడం నాకు చానా కష్టంగా ఉంది. నాకు లెక్కలు నేర్పింది మీరే. అయినా అడుగుతున్నాను. ప్రవీణ్ కుమార్‌ను రావద్దని ఇప్పుడే చెప్పండి.

మాస్టారు ఫోను తీస్తున్నారు.

(అధ్యక్షులు, ఫోనులో: "ఒరేయ్ ప్రవీణూ, రేపు రావద్దులే. మళ్ళీ చెబుతా.")

మళ్ళీ కూడా వద్దు మాస్టారూ. (నవ్వులు)

(అధ్యక్షులు: "అసలే వద్దురా. ఆ పని లేదు." చప్పట్లు.)

మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను మాస్టారూ. ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. రాజేశ్వరి అక్క ఇంతవరకూ ఆ రాయి దగ్గరికి రాలేదు. రేపు పొద్దున వస్తానన్నారు, నేను తోడు వెళ్తున్నాను. ఏలియా తాతా, మీరూ రండి. ఉలి ఇంట్లో పెట్టి రండి.

సెలవు.