కోసిన కొసకూ నూనె పట్టించిన ఎర్నెస్టు గారు

1931వ సంవత్సరం అక్టోబరు ఐదవ తేదీన శ్రీ ఎర్నెస్టు గారు నాంపల్లిలోని మన కలప కార్ఖానాలో పర్యవేక్షకులుగా ప్రవేశించారు. అంతకు పూర్వం ఉస్మాన్‌గంజ్ కలప అడితీలో పనిచేసి, టేకును తట్టి చూచి లోపలి తడిని చెప్పగల నేర్పు గడించి ఉన్నారు. పచ్చి కలపను నీడన ఆరబెట్టి, వేడి తారునూనెలో నానవేసి, ఎండకూ వానకూ చెదకూ లొంగని పలకలుగా తీర్చే విద్యలో వారికి సాటి లేరని నిస్సంకోచంగా వ్రాస్తున్నాను. నా పొగడ్త ఎవరికైనా అతిగా తోస్తే, ఆబిడ్స్ దుకాణాల ముందు వారు వేయించిన చెక్క మెట్లు తొక్కి చూడవచ్చు.

1936లో ఒక దవాఖానావారు, రోగుల మంచాలు ఎండలో వేయడానికి ఆరుబయట చెక్క అరుగు కట్టమని మనల్ని కోరారు. ప్రారంభోత్సవానికి ముందునాడు ఎర్నెస్టు గారు అరుగు కిందికి దూరి చూచారు. నూనె పట్టించిన పలకలను అక్కడి కొలతకు కోసిన వడ్రంగి గట్టయ్య, ఆ కోసిన కొసలకు తిరిగి నూనె పట్టించలేదు. చెద చొరబడేది ఆ దారినే.

"లోపటి కొసలు ఎవరు చూస్తరు సార్?" అన్నాడు గట్టయ్య.

"చెద చూస్తది, గట్టయ్యా," అన్నారు ఎర్నెస్టు గారు.

ఆ లోపం నాలుగైదు ఏండ్లకు గాని బయటపడదు. నాటికి తప్పెవరిదో అడిగేవారుండరు. ఆహ్వానాలు వెళ్లిపోయాయనీ, ఉత్సవం ఆగితే ఉద్యోగం ఉండదనీ మేనేజరు గారు హెచ్చరించారు. సరిచూడవలసినది తానేనని, తప్పు తనదేనని చెప్పి, గట్టయ్య పేరైనా ఎత్తకుండా, ఎర్నెస్టు గారు పలకలన్నీ ఊడదీయించి, కొసలకు నూనె పట్టించి మళ్లీ బిగింపించారు. ఉత్సవం వాయిదా పడింది. ఉద్యోగం నిలిచింది గాని పదోన్నతి ఏండ్ల తరబడి ఆగిపోయింది. అందుకు వారి శ్రీమతి జయమణి గారు ఒక్కనాడూ నిష్ఠూరమాడలేదట.

నిరుడు జబ్బుపడిన మా అమ్మ శంకరమ్మ గారి మంచం ఆ అరుగు మీదనే వేశారు. ఇన్ని వానకాలాలు తడిసిన పలక నా పాదం కింద కిర్రుమనలేదు. అక్కడే నిలబడి మనసులో ఎర్నెస్టు గారికి దండం పెట్టుకున్నాను.

మొన్న వారి పదవీ విరమణ వీడ్కోలు సభకు గట్టయ్య టేకు కుర్చీ చేసి తెచ్చాడు. ఎర్నెస్టు గారు కూర్చోకుండా దాన్ని తలకిందులు చేసి కాళ్ల అడుగులు చూస్తుంటే సభ గొల్లున నవ్వింది. నాలుగు కొసలూ నూనె పట్టి నల్లగా ఉన్నాయి.

"చెద కంటె ముందుగాల మీరు చూస్తరని ఎర్కే సార్," అన్నాడు గట్టయ్య. ఎర్నెస్టు గారు కుర్చీని నిలబెట్టి అందులో కూర్చున్నారు.

ఆ కుర్చీలో వారు జయమణి గారి సరసన, మనుమల నడుమ, ఆయురారోగ్యాలతో చిరకాలం కూర్చోవాలనీ, కుర్చీ అరిగినా వారు అలయకూడదనీ మనసారా కోరుకుంటున్నాను.

వామన్‌రావు, సహోద్యోగి
నాంపల్లి, 1946