అదే జబ్బున్న మనిషిది

ఫోన్ చేతిలో పట్టుకుని కోడలు అత్తగారి మంచం పక్కన కూర్చుంది.

"లివర్ దొరికిందట అత్తయ్యా. కానీ చనిపోయినావిడకీ హెపటైటిస్ సి ఉందట. తీసుకుంటారా అని అడుగుతున్నారు."

"నా లివర్‌ని తినేసింది అదేగా. మళ్ళీ దాన్నే తెచ్చి పెడతారా?"

"ఆవిడ లివర్ ఇంకా పాడవలేదట. మార్చాక మాత్రలిస్తే వైరస్ పోతుందట."

"పోకపోతే?"

"పోతుందనే అంటున్నాడు డాక్టరు."

"వద్దంటే?"

"ఇంకోటి దొరికేదాకా మీరు తట్టుకోవడం కష్టమట."

"నువ్వైతే ఏం చేస్తావే?"

"నన్నడక్కండి. ఏదైనా అయితే మీ అబ్బాయికి మొహం ఎలా చూపించను?"

"ఉప్పు దగ్గర్నుంచీ అన్నిటికీ సలహాలిస్తావుగా. ఇప్పుడు నోరు పడిపోయిందా?"

"భయమేస్తోంది అత్తయ్యా."

"నాకు మాత్రం లేదా? సరే, వస్తున్నామని చెప్పు. నా చెప్పులేవి?"

"కాళ్ళకే ఉన్నాయి. ఫోన్ మోగగానే వేసుకున్నారు."