ఫాతిమక్క కతకు ఊ కొట్టినోళ్లు

ఏమప్పా, ఆ బీరువా మీదుండేదాన్నే సూస్తాండావే? టేపురికార్డరు. పాడైపోయి ఎన్నేండ్లయిందో, పడేసేకి మనసు రాదు. రేడియోలు బాగుచేసి బతికినోని ఇంట్లో ఒక్క రేడియో పలకదని మా ఆడోళ్లు నవ్వుతారు, నవ్వనీ. నువ్వేందో, ఎవరూ మాట్లాడనియ్యనోళ్లను కూర్చోబెట్టి కతలు చెప్పిస్తాండామంటివి కదా, వర్క్‌షాపు అంటివి. కొత్తదేం కాదబ్బా. డెబ్బై తొమ్మిదిలోనో ఎనభైలోనో ఇదే హిందూపురంలో మేం చేసినాం. పెద్దోళ్లకు అచ్చరాలు నేర్పేకని సుబ్బారావు సారు వచ్చినాడు. మంచోడు, పాపం, కారం తింటే కండ్లనీళ్లు పెట్టుకుంటాండె. చింతపండు మండీలో ఆడోళ్లకు పలకలు పంచితే ఎవరు పట్టుకుంటారు? "సారూ, ఈ వేళ్లు చూడు, పులుపుకు పగిలిపోయినాయి, బలపం యాడ పట్టేది" అని గంగక్క ఎగతాళి చేసె. సారు ఆలోచన చేసి, "సరే తల్లీ, రాయొద్దు, చెప్పండి. మీ కతలు మిషన్లో పట్టి పెనుకొండలో వినిపిస్తా, ఆపైన ధర్మవరంలో" అనె. మిషను ఎవరిది? నాది. మోసేదెవరు? నేనే.

ఆ మండీలో ఫాతిమాబీ అని ఒకామె. అందరమూ ఫాతిమక్క అంటాంటిమి. రాయితో చింతకాయ కొట్టి గింజ తీసే పని. అరవై దాటినాయి, మొగుడు పోయినాడు, బిడ్డల్లేరు. నోరంటే నోరు కాదు. "ఏం మొహిద్దీనూ, నీ రేడియోకంటే నేనే నయం, సెల్లు లేకుండా పలుకుతా" అని నా అంగడి ముందర నిలబడి అరుస్తాండె. నాకు జరమొస్తే రాగి సంకటి కలిపి తెచ్చి, తిట్టుకుంటా తినిపించింది ఆమెనే. రాజుల కతలు, దయ్యాల కతలు ఎన్ని చెప్పేదో లెక్కలేదు, సొంత కత మాత్రం ఎన్నడూ ఎత్తలే. పెనుకొండ అని సారు నోట వినంగానే చేతిలో రాయి కింద పెట్టె. "బజార్లో వినిపిస్తారా? ఆడోళ్లు కూడా వింటారా?" అని ముమ్మారు అడిగె. మళ్ల నన్ను పక్కకు పిలిచి చెప్పింది. ఆమెకు ఏడేండ్లప్పుడు కరువు. పెనుకొండలో గంజి పోస్తాండారంటే, అమరాపురం నుంచి వాళ్లమ్మ ఇద్దరు పిల్లోళ్లను నడిపించుకోని పోయిందంట. చిన్నది దౌలత్‌బీ, నాలుగేండ్లది. ఆడ గోనెసంచులు కుట్టే మొగుడూ పెండ్లాలు, బిడ్డల్లేనోళ్లు, "ఈ పిల్లను మాకియ్యి, సాక్కుంటాం" అని అడిగినారంట. ఇచ్చేసింది తల్లి. "అది బతికింటే ఈ కత విని గుర్తుపడతాది మొహిద్దీనూ. దాన్ని ఒక్కసారి చూసి సస్తా" అనె ఫాతిమక్క.

మండీ లేని రోజు ఒక బడిలో అందరినీ కూర్చోబెట్టినాం. సారు గట్టిగా చెప్పె, "ఎవ్వరూ సప్పుడు చేయకూడదు, దగ్గినా మిషన్లో పడతాది" అని. నలభై మంది ఆడోళ్లు కొంగులు నోట్లో కుక్కుకోని కూర్చున్నారు. ఫాతిమక్క రెండు మాటలు చెప్పి ఆగె. సూసె. మళ్ల రెండు మాటలు, మళ్ల ఆగె. మూడోతూరి కొంగు దులుపుకోని లేచి, "విననోళ్లకు ఏంటికి చెప్పేది?" అని యెళ్లిపాయె! సారు, బెదిరినట్లుండాదే అంటాడు. నాకప్పుడు తట్టింది. "సారూ, ఊ కొట్టేవాళ్లు లేకుండా కత యాడన్నా నడుస్తాదా? నీ కత మాకొద్దు అన్నట్ల కాదా?" అంటి. ఆయప్పకు తెలీక కాదు, మిషను మోజులో మర్చిపోయె. నేనూ మర్చిపోతినే, ఆయప్పదొక్కనిదే తప్పా.

మర్నాడు మండీకే పోయినాం. సారు తెల్లపంచెతో చింతపండు మూటమీద కూర్చోని, "చెప్పక్కా" అని, మొదటి ఊ తనే కొట్టె. అంతే, అందరూ ఎత్తుకున్నారు. ఆమె చెప్పుకుంటా పోయె. వాళ్లమ్మ చిన్నదాన్ని ఆ సంచులోళ్ల వాకిట్లో కూర్చోబెట్టి, "కండ్లు మూసుకో, కత చెప్తా, నాకు వినపడేట్ల ఊ కొట్టు" అనిందంట. ఒక్కో మాటకు ఒక్కో అడుగు యెనక్కి యేసుకుంటా, పెద్దదాని చెయ్యి పట్టుకోని యెనక్కెనక్కి పోయిందంట. "మేము సందు మలుపు తిరిగినాం. అది ఊ, ఊ అంటానే ఉండె" అనె ఫాతిమక్క.  అప్పుడు మండీలో గంగక్క ఒక్కతే ఏడ్చుకుంటా ఊ కొట్టింది.

పెనుకొండ బజార్లో వినిపించినాం. జనం బాగనే కూడిరి, ఇది నా కత అని మాత్రం ఎవరూ రాలే. ఒక ముసలాయన చెప్పె, ఆ సంచులు కుట్టేవాళ్లు ఎప్పుడో పిల్లను తీసుకోని ధర్మవరం పోయినారని. అంతే తెలిసింది. హిందూపురం బస్టాండులో దిగితే ఫాతిమక్క ఉతికిన చీర కట్టుకోని నిలబడుండాది, పొద్దున్నుంచి. ఆ మొగం సూసి, దొరకలేదని చెప్పలేకపోతినప్పా. "కనపడిందక్కా, బాగుండాది, కొడుకులు, మనవళ్లు" అనేస్తి. ఈమె అట్లే పెనుకొండ బస్సెక్కబోతే, ఆపేకి ఇంకోటి కలిపితి. "వేరే పేరు, వేరే దేవుడు, పుట్టుక సంగతి ఇంట్లోవాళ్లకు తెలీదంట, రావద్దనింది" అని. వచ్చే నెల ధర్మవరంలో వినిపిస్తాం కదా, నిజంగానే దొరుకుతాది, అప్పుడు అసలు సంగతి చెప్పుకుందాం అనుకుంటి. ఆమె మండీలో అందరికీ బెల్లం పంచి, నేరుగా సారు దగ్గరికి పోయి, "ఇంక ధర్మవరంలో వద్దు సారూ. నా చెల్లెలి కాపురం సల్లగుండనీ, ఎవరి చెవినన్నా పడితే దానికి కష్టం" అని ఆ క్యాసెట్టు అడిగి తీసుకోని, పొయ్యిలో యేసె.

మూడేండ్లు బతికింది ఆపైన. సంతోషంగా బతికింది, అది మాత్రం నిజం. ఎన్నితూర్లు అసలు సంగతి చెప్పబోయినానో. ధర్మవరం ఎంత, రైలెక్కితే రెండు గంటలు. పోలేదప్పా నేను. పోయి ఎతికి, నిజంగా దొరికితే, "రావద్దని నేనెప్పుడంటిని" అని ఆ చెల్లెలు అడిగితే ఏం చెప్పాల?... ఆ కిటికీ మూయి, దుమ్మొస్తాండాది.